వెనక మెట్ల మీది మనుషులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయినసారి ఈ పేజీలో ఒక పాత ఫోటో గురించి నాలుగు లైన్లు రాశాను, గుర్తుండే ఉంటుంది. వేల్స్‌లో రెక్స్‌హామ్ ఊరి దగ్గర ఎర్డిగ్ అని ఒక పెద్ద బంగళా ఉంది, 1852లో అక్కడి పనివాళ్ళందర్నీ ఇంటి ముందు నిలబెట్టి తీసిన ఫోటో అది, ఒక్కొక్కళ్ళ చేతిలో వాళ్ళ వాళ్ళ పనిముట్టు ఉంటుంది. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజీలు వస్తాయని నేను అనుకోలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దాని మీదే. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఇంగ్లండులో కలవారి ఇళ్ళలో పనిచేసిన వాళ్ళ గురించి. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఇంగ్లీషు సీరియల్స్‌లో ఒక్క కుటుంబానికి ఇరవై ముప్పై మంది పనివాళ్ళు కనిపిస్తారు. నిజంగా అంతమంది ఉండేవాళ్ళా? అంతమందికి ఇంట్లో ఏం పని ఉంటుందండీ? (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: ఉండేవాళ్ళమ్మా, కానీ చాలా పెద్ద ప్రభువుల ఇళ్ళలో. ముందు ఒక విషయం చెప్పాలి, సీరియల్స్ వల్ల మనకి కలిగే పెద్ద పొరపాటు అభిప్రాయం అదే. ఆ కాలంలో పనిలో ఉన్న వాళ్ళలో ఎక్కువమంది అలాంటి కోటల్లో లేరు, మామూలు డాక్టరు ఇంట్లోనో షాపు ఓనరు ఇంట్లోనో ఒక్కత్తే, మహా అయితే ఇద్దరు, అంతే. 1891 జనాభా లెక్కల్లో ఇంగ్లండు వేల్స్ కలిపి ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్ళే 13 లక్షలకి పైన, ఆడవాళ్ళు చేసే ఉద్యోగాలన్నిటిలోకీ పెద్దది అదే. అందులో చాలామంది పదమూడు పద్నాలుగేళ్ళకే పల్లె నుంచి ఒక రేకు పెట్టె పట్టుకుని వచ్చిన పిల్లలు.

ఎవరింట్లో ఎంతమంది ఉండాలో పుస్తకాల్లో కూడా రాసేవాళ్ళు. 1861లో ఇజబెల్లా బీటన్ అనే ఆవిడ రాసిన గృహనిర్వహణ పుస్తకం చాలా పేరుపడింది, అది అచ్చయ్యేనాటికి ఆవిడ వయసు 25 మాత్రమే, 28కే చనిపోయింది పాపం. ఆవిడ లెక్క ప్రకారం ఏడాదికి వెయ్యి పౌండ్ల ఆదాయం ఉంటే ఒక వంటావిడ, పెద్ద హౌస్‌మెయిడ్, చిన్న హౌస్‌మెయిడ్, పిల్లల్ని చూసే అమ్మాయి, ఒక మగ పనివాడు. 500 పౌండ్లయితే ముగ్గురు. 150, 200 పౌండ్ల వాళ్ళకి ఒకే ఒక్కతి, వంట నుంచి బూట్ల దాకా అన్ని పనులూ చేసే పనిపిల్ల. పనిమనిషి ఒక్కత్తి కూడా లేకపోతే నలుగురిలో పరువు ఉండదు అనుకునేవాళ్ళు, అందుకే అప్పు చేసైనా పెట్టుకునేవాళ్ళు.

ఇక పెద్ద ఇళ్ళ సంగతి. అక్కడ పనివాళ్ళలోనే పెద్దా చిన్నా వరస ఉంటుంది. మగవాళ్ళకి పెద్ద బట్లర్, వెండి సామాను, వైన్ గది తాళాలు ఆయన దగ్గరే. ఆడవాళ్ళకి పెద్ద హౌస్‌కీపర్, దుప్పట్లు, పంచదార, టీ ఉండే బీరువా తాళాల గుత్తి ఆవిడ నడుముకి. ఆవిడకి పెళ్ళి కాకపోయినా మిసెస్ అనే పిలవాలి, అది మర్యాద. వంటావిడకీ అంతే. వాళ్ళ కింద ఫుట్‌మెన్, అంటే యూనిఫామ్ వేసుకుని నలుగురిలో తిరిగే మగ పనివాళ్ళు, తర్వాత హౌస్‌మెయిడ్లు, వంటింటి అమ్మాయిలు, లాండ్రీ, పాలకొట్టు, గుర్రాల చావడి, తోట. అందరి కంటే కింద స్కలరీ మెయిడ్, అంటే అంట్లు తోమే పిల్ల. ఈ పిల్ల దొరసానిని కళ్ళతో చూడకుండానే ఏళ్ళు గడిపేయొచ్చు, ఎందుకంటే ఆమెకి పని చెప్పేది దొరసాని కాదు, వంటావిడ.

పెద్ద ఇళ్ళలో భోజనం దగ్గర కూడా ఈ వరసే. కిందిస్థాయి వాళ్ళందరూ సర్వెంట్స్ హాల్‌లో బల్ల చుట్టూ, పైస్థాయి వాళ్ళు హౌస్‌కీపర్ గదిలో వేరేగా. చాకిరీ చేసేవాళ్ళ మధ్య కూడా మళ్ళీ ఒక మేడ, ఒక గుడిసె అన్నమాట, నాకు మొదటిసారి చదివినప్పుడు బాధేసింది ఇది.

ప్రశ్న: జీతాలు ఎంత ఉండేవి? ఇప్పటి రూపాయల్లో చెప్పగలరా? (బ్యాంకు ఉద్యోగి, తిరుపతి)

జవాబు: ఇప్పటి రూపాయల్లోకి మార్చి చెప్తే మోసం చేసినట్టే అవుతుంది, తిండి, గది వాళ్ళవే కాబట్టి పోలిక కుదరదు. ఆ రోజుల లెక్కల్లోనే చెప్తా. పైన చెప్పిన బీటన్ పుస్తకంలోనే ఏడాది జీతాల పట్టీ ఉంది. బట్లర్‌కి 25 నుంచి 50 పౌండ్లు, అన్ని పనులూ చేసే పిల్లకి 9 నుంచి 14, అంట్లు తోమే పిల్లకి 5 నుంచి 9. టీ, పంచదార, బీరు ఇంటివాళ్ళే ఇస్తే అందులో ఇంకాస్త కోత. ఏడాదికి 12 పౌండ్లు అనుకోండి, పౌండుకి 240 పెన్నీలు, అంటే రోజుకి ఎనిమిది పెన్నీలు కూడా పూర్తిగా పడదు, రోజుకి పదహారు గంటల పని వేసుకుంటే గంటకి అర పెన్నీ. ఆ రోజుల్లో పౌండుకి సుమారు పది రూపాయలు మన దగ్గర, కాబట్టి మద్రాసులో కూర్చున్న తెల్లదొరకి ఆ పిల్ల ఏడాది కష్టం ఒక 120 రూపాయలుగా కనిపిస్తుంది.

పైగా ఇందులోంచే బట్టలు కొనుక్కోవాలి. పొద్దున పనికి పూల ప్రింటు గౌను, మధ్యాహ్నం నుంచి నల్ల గౌను, తెల్ల ఏప్రన్, టోపీ, ఇవన్నీ ఆడపిల్ల తన డబ్బుతో కుట్టించుకుని పనిలోకి రావాలి, అందుకే పేదింటి పిల్లకి పని దొరకడానికి ముందే ఆ బట్టల కోసం అప్పు. ఫుట్‌మెన్‌కి మాత్రం యూనిఫామ్ ఇంటివాళ్ళే ఇచ్చేవాళ్ళు, జరీ పట్టీలతో, ఎందుకంటే అతను నలుగురికీ కనపడే మనిషి. ఎత్తు ఎక్కువ ఉన్న ఫుట్‌మ్యాన్‌కి జీతం కూడా ఎక్కువ, ఇద్దరూ ఒకే ఎత్తు ఉంటే బండి వెనక నిలబడితే బాగుంటుందని వెతికి పెట్టుకునేవాళ్ళు. మగ పనివాళ్ళ మీద ప్రభుత్వం పన్ను కూడా వేసింది, 1777లో అమెరికా యుద్ధం ఖర్చు కోసం మొదలుపెట్టింది మనిషికి ఒక గినీ (పౌండు కంటే కాస్త ఎక్కువ) చొప్పున, అది రకరకాలుగా మారి 1937 దాకా నడిచింది. పన్ను కట్టి మరీ మగమనిషిని పెట్టుకున్నారంటే ఆ ఇంటికి డబ్బుందని వీధి మొత్తానికి చెప్పడమే.

ఇంకో మాట, మీరు బ్యాంకు వాళ్ళు కాబట్టి. 1861లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు పెట్టినప్పుడు అందులో డబ్బు దాచుకున్న వాళ్ళలో పనమ్మాయిలు బాగా ఎక్కువ. అంత తక్కువ జీతంలో దాచారంటే ముసలితనం అంటే ఎంత భయమో చూడండి. అక్కడ వృద్ధాప్య పింఛను మొదలైంది 1909లో, అదీ 70 ఏళ్ళు నిండాక. దానికి ముందు పనిచేయలేని ముసలి పనిమనిషికి దారి వర్క్‌హౌస్, అంటే అనాథలని పెట్టే సర్కారు శాల.

ప్రశ్న: వాళ్ళ రోజు ఎలా గడిచేది? కరెంటు, కుళాయి లేకుండా అంత పెద్ద ఇల్లు ఎలా నడిపేవాళ్ళు? (రిటైర్డ్ టీచర్, కాకినాడ)

జవాబు: టీచరుగారూ, మీ ప్రశ్నకే ఎక్కువ రాస్తున్నా, ఎందుకంటే అసలు సంగతి ఇందులోనే ఉంది.

రెండు వస్తువులు గుర్తుపెట్టుకోండి, బొగ్గు, నీళ్ళు. ఆ ఇళ్ళు మొత్తం వీటి మీదే నడిచాయి, రెండూ మనుషుల చేతుల మీదగానే పైకి వెళ్ళాయి. ప్రతి గదిలో ఒక నెగడు ఉంటుంది, చలి దేశం కదా. హౌస్‌మెయిడ్ చలికాలంలో చీకటితోనే ఐదున్నరకో ఆరుకో లేవాలి, తను పడుకునే అటక గదిలో మాత్రం నెగడు చాలాచోట్ల ఉండదు. కిందికి వచ్చి నిన్నటి బూడిద ఎత్తాలి, ఇనుప పొయ్యి చువ్వలకి గ్రాఫైట్ పేస్టు రుద్ది నల్లగా మెరిపించాలి, బొగ్గు పేర్చి అంటించాలి, ఇదంతా ఇంటివాళ్ళు లేచేలోపు, చప్పుడు కాకుండా. వాళ్ళు లేచి చూసేసరికి గది వెచ్చగా ఉండాలి, ఎవరు వెలిగించారో మాత్రం కనపడకూడదు.

తర్వాత నీళ్ళు. చాలా ఇళ్ళలో స్నానాల గది అనేది శతాబ్దం చివరి దాకా లేదు, ఉన్నా వాడని వాళ్ళు ఉన్నారు, పడకగదిలో నెగడు ముందు తొట్టి వేసుకుని స్నానం చేయడమే గొప్ప అనుకునేవాళ్ళు. ఆ తొట్టిలోకి వేడినీళ్ళు కింద వంటింట్లో కాగాలి, ఇత్తడి డబ్బాల్లో రెండు మూడు అంతస్తులు మోసుకుని పైకి రావాలి. అక్కడితో అయిపోలేదు, స్నానం అయ్యాక ఆ మురికి నీళ్ళు మళ్ళీ చెంబుతో తోడి కిందికి మోయాలి. ఒక గ్యాలన్ అంటే నాలుగున్నర కేజీల బరువు, ఇంట్లో అతిథులు ఉన్నారంటే ఎన్ని గ్యాలన్లో మీరే లెక్క వేసుకోండి. పడకగదుల్లో రాత్రి వాడిన పాత్రలు కడగడం కూడా ఆ పిల్ల పనే.

నేల మోకాళ్ళ మీద కూర్చుని తోమేవాళ్ళు, వీధి మెట్లు కూడా అంతే, తెల్లరాయి రుద్ది తెల్లగా చేయాలి రోజూ. దాంతో మోకాలి చిప్ప ముందు నీరు పట్టి వాచిపోయేది, ఇప్పటికీ డాక్టర్లు ఆ జబ్బుని ‘హౌస్‌మెయిడ్స్ నీ’, అంటే పనిపిల్ల మోకాలు, అనే అంటారు. ఒక జబ్బుకి ఒక పనిమనిషి పేరు నిలిచిపోయింది చూడండి.

వంటింట్లో రాగి గిన్నెలు, మన అమ్మమ్మలు ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోమినట్టు వాళ్ళు ఉప్పు, ఇసుక, వెనిగర్ కలిపి తోమేవాళ్ళు. జిడ్డు పోవడానికి వాషింగ్ సోడా వేసిన వేడినీళ్ళు, చేతులు పగిలి రక్తాలొచ్చేవి. స్టెయిన్‌లెస్ స్టీలు అప్పటికి రాలేదు, అది 1913 మాట, కాబట్టి కత్తులన్నీ తుప్పు పట్టేవి, భోజనం అయిన ప్రతిసారీ పొడి వేసి బల్ల మీద రుద్దాలి.

ఇన్ని పనులు జరుగుతున్నా ఆ మనిషి కనపడకూడదు అన్నదే ఆ ఇళ్ళ ప్లానులో ఉన్న పెద్ద రహస్యం. ముందు వైపు పెద్ద పాలరాతి మెట్లు, గోడ వెనకాల ఇరుకు చెక్క మెట్లు. రెండు ప్రపంచాల మధ్య ఒక తలుపు, దానికి పచ్చ ఉన్ని గుడ్డ మేకులు కొట్టి ఉండేది, వంటింటి వాసన, గిన్నెల చప్పుడు ఇటు రాకుండా. ప్రతి గదిలోంచి తీగ లాగితే కింద నడవాలో గంట ఊగుతుంది, ఏ గంట ఊగిందో చూసి ఆ గదికి పరిగెత్తాలి. సస్సెక్స్‌లో అప్‌పార్క్ అనే బంగళా, పెట్‌వర్త్ అనే ఇంకోటి, వీటిలో అయితే వంటిల్లు, పనివాళ్ళ బ్లాకు విడిగా ఉంటే అక్కడి నుంచి ఇంటిలోకి భూమి కింద సొరంగం తవ్వారు. అన్నం పళ్ళాలు, మనుషులు అందులోంచే వచ్చేవి. కిటికీలోంచి చూస్తే పచ్చిక, జింకలు తప్ప మనిషి కనపడడు.

మా చిన్నప్పుడు మా వీధిలో పెద్దింట్లో పనావిడకి వీధి గుమ్మం లేదు, పెరటి గుమ్మమే, టీ గ్లాసు కూడా బావి గట్టు మీద బోర్లించి ఉండేది. అందుకే ఆ సొరంగాల గురించి చదివినప్పుడు ఎక్కడో దూరదేశం సంగతిలా అనిపించలేదు నాకు.

ప్రశ్న: పేర్లు కూడా మార్చేసేవాళ్ళట, నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, నల్గొండ)

జవాబు: నిజమే తల్లీ. ఫుట్‌మ్యాన్ ఎవరొచ్చినా జాన్ అనో జేమ్స్ అనో పిలిచే ఇళ్ళు ఉన్నాయి, పాతవాడు మానేస్తే కొత్తవాడికి అదే పేరు. అమ్మాయి పేరు మరీ అందంగా ఉన్నా, ఇంటి ఆడపిల్ల పేరే ఉన్నా దాన్ని తీసేసి మేరీ అనేవాళ్ళు. కొత్త పేరు అలవాటు చేసుకోవడం ఇంటివాళ్ళకి కష్టమని.

ప్రశ్న: పని నచ్చకపోతే మానేయొచ్చా? సెలవులు, నోటీసు లాంటివి చట్టంలో ఏమైనా ఉన్నాయా? (జూనియర్ అడ్వకేట్, కర్నూలు)

జవాబు: మానేయొచ్చు, నెల నోటీసు ఇచ్చి. చాలామంది మారుతూనే ఉండేవాళ్ళు, ఏడాది ఇక్కడ, ఏడాది అక్కడ. కానీ మారాలంటే చేతిలో ఒక కాగితం కావాలి, దాని పేరు క్యారెక్టర్. పాత యజమానురాలు ఈ అమ్మాయి నిజాయితీపరురాలు, శుభ్రమైనది, పొద్దున్నే లేస్తుంది అని రాసి ఇచ్చేది అది. ఆ కాగితం లేకపోతే మంచి ఇంట్లో ఎక్కడా పని పుట్టదు. విషయం ఏంటంటే, ఆ కాగితం ఇచ్చి తీరాలని యజమానికి చట్టపరంగా ఏ బాధ్యతా లేదు. ఇవ్వను అంటే అంతే. దొంగ క్యారెక్టర్ సృష్టించుకుంటే మాత్రం శిక్ష, దానికి 1792లోనే చట్టం ఉంది. నన్నడిగితే తక్కువ జీతం కంటే, మోకాళ్ళ నొప్పి కంటే ఈ కాగితమే వాళ్ళని ఎక్కువ కట్టిపడేసింది. కోపం వచ్చినా, అన్యాయంగా తిట్టినా, ఇంటి కొడుకు చెయ్యి పట్టుకున్నా నోరు మూసుకోవడానికి కారణం అదే.

మీరు లా చదివారు కాబట్టి ఒక కేసు చెప్తా, టర్నర్ వర్సెస్ మేసన్, 1845. ఒక హౌస్‌మెయిడ్, తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని తెలిసి చూసి వస్తానని యజమానిని అడిగింది, వద్దన్నారు, ఆ పిల్ల వెళ్ళింది. పనిలోంచి తీసేశారు. కోర్టుకి వెళ్తే జడ్జీలు యజమాని చేసింది సరైనదే అన్నారు, తల్లిని చూడటం నైతిక బాధ్యత కావచ్చేమో గానీ న్యాయమైన ఆజ్ఞని ధిక్కరించడానికి అది చట్టంలో సాకు కాదని. ఈ తీర్పు చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నా.

ఆ కాలపు పనిమనిషి జీవితాన్ని ఆమె మాటల్లోనే తెలుసుకోవాలంటే మనకి మిగిలిన గొప్ప ఆధారం హన్నా కల్విక్ డైరీలు. 1833లో ష్రాప్‌షైర్‌లోని షిఫ్నల్‌లో పుట్టింది, ఎనిమిదేళ్ళకే పనిలో చేరింది. ఆమెకి పద్నాలుగేళ్ళప్పుడు తల్లి తండ్రి ఇద్దరూ రోజుల తేడాలో పోయారు, ఇంటికి వెళ్తానంటే యజమానురాలు పంపలేదు. కోర్టు కేసు, ఈ డైరీ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. హన్నా తర్వాత ఆర్థర్ మన్బీ అనే చదువుకున్న పెద్దింటి ఆయన్ని కలిసింది, పందొమ్మిదేళ్ళ పరిచయం తర్వాత 1873లో రహస్యంగా పెళ్ళి చేసుకున్నారు, పెళ్ళయ్యాక కూడా బయటివాళ్ళకి ఆయన ఇంట్లో పనిమనిషిగానే కనపడింది, దొరసానిలా ఉండటం తనకి ఇష్టం లేదని ఆమె కూడా అంది. ఆయన రాయమంటేనే డైరీలు రాసింది. ఆ బంధం గురించి ఎవరికి ఏం అనిపించినా, మెట్లు కడిగిన రోజు, బూట్లు తుడిచిన రోజు, చిమ్నీ మసి ఎత్తిన రోజు అని తన చేత్తో రాసుకున్న మాటలు మాత్రం బంగారం. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి ఇప్పుడు.

సెలవులంటారా, చాలాచోట్ల ఆదివారం సగం పూట, వారంలో ఒక సాయంత్రం, అదీ ఇంటివాళ్ళ దయ. ప్రేమికులు ఇంటి చుట్టుపక్కల కనపడకూడదు అని ప్రకటనలోనే రాసేవాళ్ళు.

దెబ్బల సంగతి కూడా అడిగారు వేరే ఒకరు. 1851లో లండన్‌ని కుదిపేసిన కేసు జేన్ విల్‌బ్రెడ్‌ది. వర్క్‌హౌస్ నుంచి పనికి తెచ్చుకున్న పిల్లని జార్జి స్లోన్ అనే లాయరు, భార్య కలిసి తిండి పెట్టకుండా, కొట్టి ఎముకల గూడు చేశారు. జనం కోర్టు బయట కోపంతో ఊగిపోయారు, ఇద్దరికీ రెండేళ్ళ జైలు పడింది. అదే ఏడాది చట్టం వచ్చింది, పద్దెనిమిది లోపు పనివాళ్ళకి తిండి, బట్ట, చోటు ఇవ్వకపోతే నేరమని, వర్క్‌హౌస్ నుంచి పంపిన చిన్నపిల్లల్ని అధికారి వెళ్ళి చూసి రావాలని. అంటే అంతకుముందు తిండి పెట్టకపోవడం మీద అంత తిన్నగా ఒక చట్టం కూడా లేదన్నమాట.

ప్రశ్న: అందరూ అంత చెడ్డగా చూశారా? మీరు మొదట రాసిన ఆ ఫోటో ఇంటివాళ్ళు మంచివాళ్ళలా ఉన్నారే? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: అందరూ అలా కాదండీ. ఎర్డిగ్ యార్క్ కుటుంబం నిజంగానే అరుదైన వాళ్ళు. 1790లలోనే పనివాళ్ళకి ఆయిల్ పెయింటింగులు వేయించారు, ఆ రోజుల్లో బొమ్మ వేయించుకోవడం అంటే ప్రభువుల పని. అందులో ఒకావిడ జేన్ ఎబ్రెల్, 1793లో బొమ్మ వేసేనాటికి 87 ఏళ్ళు, సాలెగూళ్ళు దులిపే పని ఆవిడది, చేతిలో చీపురుతోనే ఉంటుంది. ప్రతి బొమ్మకీ ఇంటి యజమాని స్వయంగా పద్యాలు కట్టాడు. తర్వాత తరం 1830లో ఇంకొన్ని, 1852లో ఆ ఫోటో. పేర్లు, ముఖాలు, పనులు అన్నీ తెలిసిన పనివాళ్ళు ఇంకెక్కడా ఇంతమంది లేరేమో.

కానీ అదే ఇంట్లో కూడా వాళ్ళు నిలబడ్డ చోటు మారలేదు, గంటలు మోగితే పరిగెత్తారు, జీతాలు కూడా దండిగా ఏమీ లేవు. మంచి యజమాని దొరకడం అదృష్టం, హక్కు కాదు. ఇంకో ఇల్లు చూడండి, పైన చెప్పిన అప్‌పార్క్. రచయిత హెచ్.జి. వెల్స్ వాళ్ళమ్మ సారా అక్కడ 1880 నుంచి 1893 దాకా హౌస్‌కీపర్, ఆ పిల్లాడు అమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ ఇంటి లైబ్రరీలో పుస్తకాలు చదివి మనిషయ్యాడు. మంచి మాటే. ఆవిడకి చెవుడు పెరిగి పని సాగకపోయేసరికి మాన్పించేశారు, అప్పటికి ఆవిడ 70కి దగ్గర. రెండూ ఒక్క ఇంటి కథే.

ప్రశ్న: మనవాళ్ళెవరైనా అక్కడి ఇళ్ళలో పనిచేశారా? (ఎన్నారై పాఠకురాలు, డాలస్)

జవాబు: చేశారమ్మా, చాలామంది, పేర్లు మిగలకుండా. దొరలు సెలవుల మీద సీమకి పోయేటప్పుడు ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి మన ఆడవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు, ఆయాలు. మద్రాసు నుంచి అయితే ముందు మసూలా పడవ ఎక్కి అలలు దాటి ఓడ దగ్గరికి పోవాలి, హార్బరు కట్టకముందు అదే దారి. ఓడలో పిల్లల వాంతులు, ఏడుపులు, అమ్మగారి సీసిక్‌నెస్ అన్నీ ఆవిడే చూసుకునేది. లండన్ చేరాక కొన్ని కుటుంబాలు తిరుగు టికెట్ ఇచ్చేవి, కొన్ని కుటుంబాలు ఇంక నీతో పని లేదు అని వీధిలో వదిలేసేవి, భాష రాదు, చలి, తెలిసినవాళ్ళు లేరు. అలాంటి వాళ్ళ కోసం ఆల్డ్‌గేట్‌లో ఆయాస్ హోమ్ అని ఒకటి ఉండేది, 1900లో లండన్ సిటీ మిషన్ అనే క్రైస్తవ సేవా సంస్థ దాన్ని తీసుకుని లండన్‌లోనే హ్యాక్నీకి మార్చింది. ఇండియా వెళ్ళే ఇంకో కుటుంబం దొరికితే వాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ ఇంటికి తిరిగి రావడం, అదే వాళ్ళకున్న దారి.

మన వైపు దొరల బంగళాల్లో పనిచేసిన వాళ్ళ ఇంగ్లీషుకి బట్లర్ ఇంగ్లీష్ అని పేరు, మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన మాట అది, 1886లో వచ్చిన ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువులో కూడా ఉంది. ఐ టెల్లింగ్ అంటే చెప్తాను, ఐ డన్ టెల్ అంటే చెప్పేశాను. ఇప్పుడు మనం ఆ మాటని ఎవరైనా తప్పు ఇంగ్లీషు మాట్లాడితే ఎగతాళిగా వాడతాం, వాడకండి దయచేసి. బడి లేకుండా చెవితో విని ఒక భాషలో పని చక్కబెట్టుకున్న మనుషులు వాళ్ళు.

రాణిగారి దగ్గరికే వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1887లో గోల్డెన్ జూబిలీకి ఆగ్రా నుంచి అబ్దుల్ కరీం, ఇంకొకరు, భోజనాల బల్ల దగ్గర వడ్డించడానికి వచ్చారు. కొన్నాళ్ళకే అబ్దుల్ కరీం రాణికి హిందుస్తానీ నేర్పే మున్షీ అయ్యాడు, అంతఃపురం వాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. 1901లో రాణి పోగానే కొడుకు ఏడో ఎడ్వర్డు, రాణి ఆయనకి రాసిన ఉత్తరాలన్నీ తగలబెట్టించి ఆయన్ని ఇంటికి పంపేశాడు.

ప్రశ్న: మన తెలంగాణ గడీల్లో వెట్టి కంటే ఇది నయమే కదా, దీని గురించి ఇంత రాయాలా? (పాఠకుడు, వరంగల్)

జవాబు: మీ కోపం అర్థమైంది అన్నా. వెట్టికి జీతమే లేదు, మానేసే దారి లేదు, కులం పేరుతో పని పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది, దాన్ని దీనితో సమానం అని నేను అనను. గడీల గురించి ఒక పేజీ సరిపోదు, విడిగా రాయాల్సిన విషయం, రాస్తాను. కానీ అంట్లు తోమిన పదమూడేళ్ళ పిల్ల ఏ దేశంలో ఉన్నా ఆ పిల్ల గురించి రాయడం దండగ అని మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: ఈ పద్ధతి ఎలా పోయింది? (ఇంటర్ విద్యార్థి, అనంతపురం)

జవాబు: ఒక్కసారిగా పోలేదు బాబూ. 1870 చట్టంతో బడులొచ్చాయి, చదువుకున్న ఆడపిల్లలకి షాపులు, టైపు మిషన్లు, టెలిగ్రాఫ్ ఆఫీసులు దొరికాయి. అక్కడ జీతం మరీ ఎక్కువేం కాదు, కానీ సాయంత్రం పని అయ్యాక ఆ సాయంత్రం తనది. ఆ తర్వాత మొదటి ప్రపంచయుద్ధం, ఫ్యాక్టరీలు. మిషన్లు కూడా సాయపడ్డాయి, నార్తంబర్లాండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు తన క్రాగ్‌సైడ్ ఇంట్లో 1878లోనే వాగు నీటితో కరెంటు పుట్టించి దీపం వెలిగించాడు, నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టు పెట్టాడు, అందులో బొగ్గు బుట్టలు పైకి వెళ్ళేవి. ఆ ఇంట్లో పనిచేసిన అమ్మాయిల నడుములు ఎంత ఊపిరి పీల్చుకున్నాయో అని నాకు ఆ లిఫ్టు గురించి చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు, వచ్చే నెల వెళ్తున్నాం. ఇవన్నీ చూడొచ్చా? (దంపతులు, రాజమండ్రి)

జవాబు: తప్పకుండా చూడండి. ఎర్డిగ్, అప్‌పార్క్, క్రాగ్‌సైడ్ మూడూ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి, ఎర్డిగ్‌ని అయితే యార్క్ వంశంలో ఆఖరాయన 1973లో ఇచ్చేశాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు వైపు హాలు, షాండిలియర్లు అందరూ చూపిస్తారు, మీరు వంటిల్లు ఎక్కడ, గంటల వరస ఎక్కడ, వెనక మెట్లు ఎక్కడ అని అడగండి. అప్‌పార్క్ సొరంగం అడగండి. ఎర్డిగ్‌లో ఆ పెయింటింగుల ముందు తొందరపడకండి.

లండన్‌లోనే ఉండి దూరం వెళ్ళలేకపోతే హ్యాక్నీలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు, 26వ నంబరు ఇల్లు. ఆయాస్ హోమ్ అక్కడే ఉండేది. 2022లో ఇంగ్లీష్ హెరిటేజ్ వాళ్ళు గోడకి గుండ్రటి నీలం పలక పెట్టారు, రోడ్డు మీద నుంచే చదువుకోవచ్చు. ఫోటో తీస్తే నాకు పంపండి, ఈ పేజీలో వేస్తాను.